ఆరో రోజు పెట్టెలు

మగతోడే చూపించని ఆడపురుగుల గుడ్ల మీద ఎర్రటి వలయాలు కనబడేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఆ పండ్లతోటల పరిశోధన కేంద్రంలో పురుగుల గది ఆమెది. కాయలోకి దూరి గింజదాకా తినేసే ఒక పురుగు చుట్టుపక్కల తోటల రైతుల్ని కాల్చుకు తింటోంది. ఆడపురుగు వాసన పట్టించిన బిళ్లల్ని చెట్లకి వేలాడదీస్తే మగపురుగులు తికమకపడి, అసలు ఆడపురుగుని వెతుక్కోవడానికి రోజుల తరబడి తిరుగుతాయి. ఆ ఆలస్యంతో ఆడపురుగుకి గుడ్లు ఎంత తగ్గుతాయన్నదే ఆమె తేల్చాలి. గూటిలోంచి బయటపడ్డ ఆడపురుగుల్ని ఒక్కో పెట్టెలో ఒక్కోదాన్ని ఉంచి, ఒక వరసకి మొదటి రోజున, ఒక వరసకి రెండో రోజున, మరో వరసకి నాలుగో రోజున, చివరి వరసకి ఆరో రోజున మగపురుగుని ఇవ్వాలి. ఆపైన మైనపు కాగితం మీద అవి పెట్టిన గుడ్లని భూతద్దం కింద ఒక్కొక్కటే లెక్కపెట్టాలి.

మొదటి విడతలో ఏసీ చెడిపోయి సగం పురుగులు చచ్చాయి. ఇది రెండో విడత. తోడు లేని ఆడపురుగు కూడా గుడ్లు పెడుతుంది, కానీ అవి రెండ్రోజుల్లో ముడుచుకుపోతాయి. వలయం వచ్చిందంటే లోపల పిల్ల ఎదుగుతున్నట్టే. ఆరో రోజు వరసకి ఆమె ఇంకా మగవాటిని ఇవ్వనే లేదు. ఆ సాయంత్రమే ఇవ్వాల్సిన నాలుగో రోజు వరస చూసింది. అక్కడా వలయాలే.

ఆదివారాల్లో వాటికి పంచదార నీళ్లు పెట్టేది స్టోరు బాబాయ్ ఒక్కడే. స్టోరు చూసుకునే ఆ పెద్దాయన్ని కేంద్రంలో అందరూ అలాగే పిలుస్తారు. ఆమె అడగ్గానే ఆయన దాచలేదు. అవి గూటిలోంచి బయటపడ్డ ఆదివారమే, సాయంత్రం పొద్దువాలుతుంటే ఆడపురుగులన్నీ మగవాటిని పిలుస్తూ తోకలు పైకెత్తి కూర్చున్నాయట. పక్క గదిలో మగపురుగులు వలకేసి టపటపా కొట్టుకుంటున్నాయట. చూడలేక, పెట్టెకొకటి చొప్పున వేసి, పొద్దున్నే తీసేశాడట.

"తీసెయ్యడం దేనికి బాబాయ్?"

"మీరు తిడతారని."

ఆమె కుర్చీలో కూలబడింది. నూట అరవై పెట్టెలు. అన్నీ మొదటి రోజువే అయి కూర్చున్నాయి. ఆయన చేతిలోంచి గది తాళం తీసుకుని, ఇక ఇటువైపు రావద్దని చెప్పేసింది. ఆయన వెళ్లిపోయాడు.

డైరెక్టరుకి చెబితే ఆయన చల్లగా, మొదటి రోజు లెక్క మరింత గట్టిపడిందిగా, మిగతావి అంచనా వేసి రాసెయ్యమన్నాడు. నెలన్నరలో రైతుల సమావేశం ఉందని గుర్తుచేశాడు. అంచనాలే రాసేదైతే ఇన్ని నెలలు కళ్లు పోయేలా ఎందుకు లెక్కపెట్టానని ఆమె అడిగింది. ఈలోగా ఆయన ఫోను మోగింది.

మూడో విడత మొదలుపెట్టింది. రెండు రోజులు పొద్దున్నా సాయంత్రమూ తానే వచ్చింది. మూడో రోజు భర్త, ఇంట్లో ఇద్దరు పిల్లలున్న సంగతి పురుగులకి తెలియకపోయినా నీకు తెలియాలి కదా అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె మర్నాడు స్టోరుకి వెళ్లి తాళం బల్లమీద పెట్టింది. ఈసారి కూర్చుని అన్నీ వివరంగా చెప్పింది, ఏ వరస ఎందుకు ఆగాలో, ఒక్క మగపురుగు వేళ తప్పి దూరితే ఏమవుతుందో. ఆయన ప్రతి మాటకీ తలూపాడు.

దాంతో ఇంకో తలనొప్పి మొదలైంది. ఆమె ఇంట్లో కూర తరుగుతుంటే ఫోను. "అమ్మా, చివరి వరస మూడో పెట్టెలో ఆవిడ ఇవాళ తోక ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదేమో." పిల్లలకి లెక్కలు చెబుతుంటే ఫోను. "రెండో వరసలో ఒకావిడ కాగితం వదిలేసి మూతమీద గుడ్లు పెడుతోంది. ఏం చెప్పమంటారు?" ఏమీ చెప్పొద్దు బాబాయ్, రాసుకోండి చాలు అని పళ్లు కొరుక్కునేది. ఆయన రాశాడు కూడా. ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

చివరి వరస గుడ్లు లెక్కపెట్టే రోజున ఆయన పక్కనే నిలబడ్డాడు. ఆమె భూతద్దం ఆయనవైపు తిప్పింది. మొదటి రోజు వాటి కాగితం నిండా వలయాలు. ఆరో రోజు వాటి కాగితం మీద అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతావన్నీ ముడుచుకుపోయిన తొక్కలే.

ఆయన వంగి రెండు కాగితాలూ మార్చి మార్చి చూశాడు.

"మా చెల్లెల్ని ఇలాగే ఆపేశామమ్మా. మంచాన పడ్డ అమ్మకి చేసేవాళ్లు కావాలని. పెళ్లి చేసేసరికి దానికి నలభై దాటాయి. పిల్లలు పుట్టలేదు."

ఆమె భూతద్దం పక్కకి జరిపింది. "ఇవి బతికేదే పది పన్నెండు రోజులు బాబాయ్. మనుషులతో పోల్చకండి," అంది.

"పోల్చడం లేదు. గుర్తొచ్చింది."

ఆయన కాగితం జాగ్రత్తగా కవర్లో పెట్టి, పైన తేదీ రాసి ఇచ్చాడు. ఆయన్ని అలా రావద్దని పంపెయ్యాల్సింది కాదని ఆమెకి అప్పుడనిపించింది. ఆ మాటే చెప్పింది. ఆయన, తప్పు నాదే కదమ్మా అని తేల్చేశాడు.

నివేదిక చూసి డైరెక్టరు పెదవి విరిచాడు. ఆరో రోజుకి గుడ్లు పూర్తిగా ఆగిపోతాయని తాను ముందే అందరికీ చెప్పి ఉన్నాడు. ఆగలేదు సార్, బాగా తగ్గాయి, ఉన్నది ఉన్నట్టే రాశాను అంది ఆమె. సమావేశంలో రైతులు శ్రద్ధగానే విన్నారు. చివరికి ముందు వరసలోని ఒకాయన లేచి, మరి మొదటి రోజే తోడు దొరికినవాటి సంగతేమిటని అడిగాడు. అవి పెట్టాల్సినవన్నీ పెడతాయని, అందుకే బిళ్లలు ముందుగానే కట్టాలని, ఒక్క తోట కాకుండా పక్క తోటలవాళ్లూ కట్టాలని ఆమె చెప్పింది. పక్కవాళ్లతో మాటల్లేవని ఆయన కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న డైరెక్టరు పిలిచి, ఆడవాటి ఆలస్యం తేలింది కనక ఇక మగవాటిని ఆలస్యం చేస్తే ఏమవుతుందో చూడమన్నాడు. ఆమె తల పట్టుకుని తిన్నగా స్టోరుకి నడిచింది.

"బాబాయ్, ఇంకో రెండొందల పెట్టెలు కావాలి."

"మూతల్తో కలిపేనా?" అంటూ ఆయన అప్పుడే నిచ్చెన ఎక్కుతున్నాడు.