గుమ్మం దగ్గర ఆమె చెప్పులు

నవంబరు పదకొండు, గురువారం. ఆ సాయంత్రం నేను తిన్నది ఒక ఉడికిన గుడ్డు, రెండు రొట్టె ముక్కలు. గుడ్డు పెంకు ముక్కలవకుండా సాఫీగా ఊడివచ్చింది. ఒంటరిగా వండుకునేవాడికి అదీ ఒక దయే.

తిన్నాక, చనిపోయిన నా భార్య చెప్పులు సంచిలో వేసుకుని పళ్ల డాక్టరుగారి క్లినిక్‌కి వెళ్లాను. గురువారాలు రోగులు వెళ్లిపోయాక అక్కడి కుర్చీలు గోడవారకు జరిపి, చాప పరిచి, అల్లా నామాన్ని ఊపిరితో కలిపి పలుకుతూ కూర్చుంటాం. సూఫీ బాటలో మాకు దారి చూపే పెద్ద ఆ డాక్టరుగారే. నాకు ఆయన అప్పగించిన పని, గుమ్మం దగ్గర చెప్పులు సర్దడం. ముందు కొసలు వీధివైపు ఉండాలి. వెళ్లేవాళ్లు కాలు దూరిస్తే చాలు.

నా చిక్కల్లా ఒక్కటే. కళ్లు మూయగానే ఆమె ముఖం వస్తుంది. దేవుడికి ఇవ్వాల్సిన మనసులో ఆమె కూర్చుంటే, ఈ దారి నాకు మూసుకుపోయినట్టేనని భయం. అందుకే ఇంట్లో ఆమె వస్తువులన్నీ పంచేశాను. మిగిలిన ఈ చెప్పులు క్లినిక్‌లో ఆయాకు ఇచ్చేద్దామని తెచ్చాను.

ఆ మాట చెబితే, అక్కడ చాప పరుస్తున్న నా బావమరిది నవ్వాడు.

"మా అక్క బతికుండగానే ఎవరి మాటా వినేది కాదు. ఇప్పుడు నువ్వు పొమ్మంటే పోతుందా బావా?"

ఆయా ఇంకా లోపలి గది తుడుస్తోంది. ఈలోగా నేను అందరి చెప్పులూ సర్దాను. డాక్టరుగారు వచ్చి, అటు చూసి ఆగారు. నా జత పక్కనే నా భార్య జత, కొసలు వీధివైపు పెట్టుకుని, ఒద్దికగా ఉంది. సంచిలోంచి ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

విషయమంతా చెప్పాను. ఆ ముఖం కనిపించినప్పుడు ఏం చేస్తారని అడిగారు. తోసేస్తానని, ఆ తోపులాటలో నామమే మరిచిపోతానని చెప్పాను.

"అయితే అడ్డం ఆవిడ కాదండీ, ఆ తోపులాట," అన్నారాయన. "ఒకరిని మీకంటే ఎక్కువ అనుకోవడం మీకు ఎవరి దగ్గర అలవాటైంది?"

"ఆమె దగ్గరే."

"ఆ అలవాటుతోనే లోపలికి రండి. చెప్పులంటారా, ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. వదిలించుకోవడానికి మాత్రం వద్దు."

ఆ పూట కూడా ఆమె వచ్చింది. తొయ్యలేదు. నామం పలుకుతూ ఉండిపోయాను. కాసేపటికి ఆమె ఉందో లేదో చూసుకోవడం మానేశాను. తర్వాత నేను ఉన్నానో లేదో కూడా. నామం మాత్రం నడుస్తూ ఉంది. నేను గురక పెట్టానని బావమరిది అంటాడు. ఒప్పుకోను.

బయటికి వచ్చేసరికి ఆయా తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటోంది. నా భార్య చెప్పులు తెచ్చి ఆయా కాళ్ల ముందు పెట్టాను. తొడుక్కుని, సరిపోయాయని చెప్పి, దీపాలు ఆర్పడానికి వెళ్లింది.

మేం మెట్లు దిగుతుంటే వెనక ఆ చెప్పుల చప్పుడు వినిపించింది. నాకు బాగా తెలిసిన చప్పుడే. చివరి దీపం ఆరింది. ఆయా బయటికి వచ్చి తలుపు మెల్లగా మూసింది.