డెల్బర్ట్ మింగిన తుమ్ము

డెల్బర్ట్ హోస్టెట్లర్ తుమ్ము గురించి కోల్వెల్ ఊళ్ళో చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. తక్కిన సగం ఆయన స్వయంగా పుట్టించినవి. ఒకసారి మొక్కజొన్న చేలో తుమ్మితే, పక్కవాళ్ళ కొట్టాం కప్పు మీద గాలివాటం చూపించే ఇనప కోడి మూడు రోజులు గాలికి ఎదురు తిరిగి నిలబడిందట. చర్చిలో తుమ్మితే ఆర్గన్ వాయించే ఆవిడ నాలుగు కీర్తనలు దాటేసి ఏకంగా ఆఖరిది ఎత్తుకుందట. పాస్టరు గారు కూడా సంతోషంగా భోజనానికి వెళ్ళిపోయారట. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఇన్ని కథలు చెప్పుకు తిరిగిన మనిషి ఆ శనివారం నుంచి తుమ్ము మాటెత్తితే ఉలిక్కిపడడం మొదలెట్టాడు.

ఆ మధ్యాహ్నం కోల్వెల్ కాలేజీకీ బ్రాన్సన్ కాలేజీకీ బాస్కెట్‌బాల్ ఆట. బుట్టకి సరిగ్గా వెనక మూడో వరసలో డెల్బర్ట్‌కి ఒక కుర్చీ, భార్య విల్మాకి ఒక కుర్చీ. నలభై ఒక్క ఏళ్ళుగా అవే కుర్చీలు. కాలేజీ వాళ్ళు రెండుసార్లు కోచ్‌ని మార్చారు, ఒకసారి పైకప్పు మార్చారు గాని, ఈ ఇద్దర్నీ కదపలేకపోయారు.

అవతలి జట్టువాడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి ఫ్రీ త్రో వేస్తుంటే కోల్వెల్ జనం రేకు డబ్బాలు వాయిస్తారు, ఊళలు వేస్తారు, వాడి మేనత్తని కూడా తలుచుకుంటారు. అదే తమ కుర్రాడు గీత దగ్గర నిలబడితే, ఆ హాలంతా చంటిపిల్ల నిద్రపోతున్న ఇల్లయిపోతుంది. పాప్‌కార్న్ నోట్లో వేసుకున్నవాడు నమలడు.

బ్రాన్సన్ వాళ్ళు డెబ్బై ఒకటి, కోల్వెల్ వాళ్ళు అరవై తొమ్మిది. గడియారంలో ఒక్క సెకను. గీత దగ్గర డరియన్ పూల్ నిలబడ్డాడు. గ్యారీ పట్నం నుంచి వచ్చిన మొదటి ఏడాది కుర్రాడు. ఏడాదంతా పదికి తొమ్మిది వేసిన చెయ్యి. రెండు ఫ్రీ త్రోల్లో మొదటిది వేశాడు. డెబ్బై. రెండోది పడితే సమానం, ఆట సాగుతుంది.

సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఎవరిదో ఊలు టోపీ డెల్బర్ట్ ముక్కుని పలకరించింది. ఆయన ముక్కు నొక్కుకున్నాడు, పెదవి కొరుక్కున్నాడు, విల్మా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. లాభం లేకపోయింది. చివరికి ఆవిడ మెడలో శాలువా లాక్కుని అందులో మొహం దాచుకున్నాడు. జీవితంలో అంత చిన్న తుమ్ము ఎప్పుడూ తుమ్మలేదు. కోడిపిల్ల కీచుమన్నట్టు వచ్చింది.

తుమ్మేవాడికి కళ్ళు మూసుకుపోతాయి కదా. తెరిచేసరికి బంతి రింగు అంచు మీంచి జారి అవతలివాడి చేతుల్లో పడుతోంది. ఆట ముగిసిందని బూర మోగింది. ఒక్క పాయింటుతో కోల్వెల్ ఓడిపోయింది.

ఆ ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాడు తుమ్మినా "దేవుడు చల్లగా చూడాలి" అంటారు. ఆ రోజు ఒక్కరూ అనలేదు. విల్మా కూడా అనలేదు.

మర్నాడు చర్చి అయ్యాక అందరూ ఐలీన్ హోటల్లో చేరారు. డెల్బర్ట్ ముందు పంది మాంసం శాండ్‌విచ్ చల్లారిపోతోంది. పక్క బల్ల దగ్గర లైల్, రాస్కో కుర్రాణ్ణి ఉతికి ఆరేస్తున్నారు. ఇద్దరూ రిటైరైనవాళ్ళు, తీరికకి లోటు లేదు.

"పదికి తొమ్మిది వేస్తాడట! ఆ పదోది తెచ్చి మన నెత్తినే పెట్టాలా?" అన్నాడు లైల్.

"వాడికి గుండె లేదోయ్. మా రోజుల్లో కళ్ళకి గంతలు కట్టినా వేసేవాళ్ళం" అన్నాడు రాస్కో.

"మీ రోజుల్లో నీకు బుట్ట ఎటువైపుందో చెప్పడానికే ఒక మనిషిని పెట్టారు, ఊరుకో" అంది ఐలీన్, కాఫీ పోస్తూ. తర్వాత గొంతు తగ్గించింది. "పాపం, పొద్దున జట్టుతో కలిసి టిఫినుకి కూడా రాలేదట. పెట్టె సర్దుకున్నాడట. నాలుగింటి బస్సుకి ఇంటికి పోతాడు, ఇక రాడట."

డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆ పాయింటు పోగొట్టింది వాడు కాదు. నేను. తుమ్మాను."

హోటల్ నిశ్శబ్దమైపోయింది, ఫ్రీ త్రో వేసేటప్పటిలాగా.

"నీ తుమ్మా? మాకు వినపడనే లేదే! నువ్వు తుమ్మితే హాలు కప్పు ఉండేదా?" అన్నాడు రాస్కో.

"మింగేశానురా. మింగిన తుమ్ము మరీ ప్రమాదం. బయటికి దారి లేక కాళ్ళలోంచి నేలలోకి దిగి, చెక్కల కిందనుంచి పోయి, ఆ పిల్లాడి మోచేతికి తగిలింది. నా కళ్ళతో చూశాను." చివరి మాట ఒక్కటే అబద్ధమని ఆయనకి తెలుసు. కళ్ళు మూసుకునే ఉన్నాయి మరి. కాని తప్పు తనదేనన్నది మాత్రం నిజమనే నమ్మాడు.

అంతే, డరియన్ని అందరూ వదిలేశారు. "ఒరేయ్ డెల్బర్టూ, నలభై ఏళ్ళు నెత్తిన పెట్టుకున్న జట్టునే ముంచావు కదరా!" అని లైల్. "నీ ముక్కుకి కుండ మూతెయ్యాలి" అని ఎవరో. ఐలీన్ గంభీరంగా వచ్చి ఆయన బల్ల మీది మిరియాల పొడి సీసా తీసుకుపోయింది. ఊరంతా నవ్వింది. డెల్బర్ట్ తల వంచుకుని కూర్చున్నాడు. విల్మా ఆయన వైపు చాలాసేపు చూసింది.

మూడున్నరకి డెల్బర్ట్ ఇంటి తలుపు చప్పుడైంది. విల్మా తీసింది. ఆరడుగుల నాలుగంగుళాల కుర్రాడు తల వంచుకుని లోపలికొచ్చాడు, చేతిలో సంచీ. బస్సు ఆగేది ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు దగ్గరే.

"తాతగారూ, హోటల్లో మీరన్న మాట మా గదికి కూడా వచ్చింది. వెళ్ళేముందు చెప్పి పోదామని వచ్చాను. బుట్ట వెనకే మీరు కనిపిస్తూనే ఉన్నారు, మీరు తుమ్మేసరికి బంతి రింగుకి తగిలేసింది. అది నా చేతిలోంచి పోతుండగానే తెలిసింది నాకు, పడదని. చెయ్యి వణికింది, అంతే. మీ తప్పేం లేదు."

డెల్బర్ట్ కుర్చీలోంచి ముందుకి వంగాడు. "నిజంగా?"

"నిజం. నేనూ చూశాను" అంది విల్మా వంటింట్లోంచి.

"నీకు తెలుసా? మరి నిన్నట్నుంచీ చెప్పవేం?"

"నలభై ఏళ్ళలో మొదటిసారి నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు. ఒక్క పూట ఆ సుఖం అనుభవించి పొద్దున చెబుదామనుకున్నాను. తీరా హోటల్లో నువ్వలా లేచి నిలబడ్డాక చెప్పబుద్ధి కాలేదు."

డెల్బర్ట్ కుర్చీ కుర్రాడి దగ్గరికి జరుపుకున్నాడు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా, నాయనా?"

"లేదు. ఇప్పుడు పోయి హోటల్లో చెప్పేసి బస్సెక్కుతాను. మిమ్మల్ని అందరూ ఏడిపిస్తుంటే బాగోలేదు."

"చెప్పకు. నీకు పుణ్యం ఉంటుంది." "నలభై ఒక్క ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. అరిచాను, ఏడ్చాను, రేకు డబ్బాలు వాయించి వేళ్ళు వాచబెట్టుకున్నాను. ఆ జట్టుకి ఒక్క పాయింటు వెయ్యలేదు. వేసే వయసులోనూ చేతకాలేదు. పోయిన పాయింటు ఒక్కటైనా నా పేరున ఉండనీ. నువ్వు ఇంకా చాలా వేస్తావు, నీకెందుకది?"

కుర్రాడు మోకాళ్ళ మీద పెట్టుకున్న పెద్ద పెద్ద చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

విల్మా పెర్సిమన్ పండ్ల పుడ్డింగు తెచ్చి ముందు పెట్టింది. "వేడిగా ఉంది, మెల్లిగా తిను. మా ఇంట్లో పుడ్డింగు గబగబా తిన్నవాడు లేడు" అంది. గోడ గడియారం నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

బస్సు వస్తున్న చప్పుడు. కుర్రాడి చెంచా గాలిలో ఆగింది. అప్పుడే డెల్బర్ట్ ముక్కులో మొదలైంది. ఈసారి మింగలేదు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, అలమరలో పింగాణీ కప్పులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి, పొరుగింటి కుక్క మొరిగింది. ఇందులో కుక్క మాత్రం నిజం.

ఆయన వెంటనే కళ్ళు తెరవలేదు. బస్సు ఆగడం విన్నాడు, తలుపు మూసుకోవడం విన్నాడు, రోడ్డు చివరిదాకా దాని చప్పుడు పోవడం విన్నాడు. అప్పటికీ రెప్పలెత్తడానికి ధైర్యం చాలలేదు.

"దేవుడు చల్లగా చూడాలి, తాతా" అన్నాడు ఎదురుగా ఎవరో, నోటినిండా పుడ్డింగుతో.