పుట్టీ వెనక తేనెతుట్టె

రంగుల కొట్టు యజమానిని వీధిలో అందరూ డబ్బాలాయన అంటారు. గోడకు ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర ఒక డబ్బా ఉంటుంది. చెమ్మకొకటి, పగుళ్లకొకటి. జనం చూసేది పైపూతనే అని నమ్మి ముప్పై ఏళ్లుగా బాగుపడ్డ మనిషి.

ఆయన ఇంటి మేడమీది గదిలో ఒకప్పుడు గోడ అలమర ఉండేది. దానికి చెక్క బిగించి, పుట్టీ పెట్టి గోడలో కలిపేశాడు. ఆ బోలులోకి బయటి కన్నం గుండా తేనెటీగలు దూరి తుట్టె పెట్టాయి. చెవి ఆనిస్తే ఒకటే రొద.

రెండు వారాల్లో కూతురు మూడు నెలల పాపతో ఆ గదిలో దిగాలి. మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది, పాపను అమ్మమ్మ చూసుకుంటుంది. "గది శుభ్రంగా లేకపోతే మాత్రం మా అత్తగారి దగ్గరే ఉంచుతాను నాన్నా" అని ముందే తేల్చి చెప్పింది. మనవరాలు తన ఇంట్లో పాకడం చూడాలని డబ్బాలాయన ప్రాణం కొట్టుకుంటోంది.

తుట్టెలు తీసేవాడు వచ్చి గోడ తట్టి చూశాడు. "చెక్క విప్పి మొత్తం తీసేద్దామన్నా. ఈగల్ని పెట్టెలో పట్టుకుపోతా."

"మొన్ననే మూడు పూతలు వేయించాను. మళ్లీ పగలగొట్టుకోనా? మందు కొట్టి కన్నం మూసేస్తే పోలా!"

"ఈగలు చస్తాయి సరే. లోపల తేనె, పిల్లపురుగులు ఏమైపోతాయి? రెక్కలతో విసిరి చల్లబరిచే ఈగలు లేకపోతే ఎండకి మైనం కరిగి కారుతుందన్నా."

"పని పెంచుకునే మాటలు నా దగ్గరా?" అని పంపేసి, తనే మందు కొట్టి, కన్నంలో పుట్టీ కూరాడు.

వారం గడిచింది. గోడ మీద గోధుమరంగు మరక లేచింది. మరకలు మింగే పూత రెండుసార్లు వేశాడు. మర్నాటికి మరక పళ్లెమంత అయింది. తీపీ కుళ్లూ కలిసిన వాసన మెట్లదాకా దిగింది.

"ఏవండీ, లోపలేదో చచ్చింది," అంది భార్య.

"కొత్త రంగు వాసనే."

"ముప్పై ఏళ్లు మీ డబ్బాల మధ్యే కాపురం చేశాను. రంగేదో కుళ్లేదో నాకు తెలీదా?"

ఆయన మల్లె వాసన వేసే రంగు తెచ్చి మరో పూత కొట్టాడు. ఇప్పుడు కుళ్లిన మల్లెల వాసన వచ్చింది.

కూతురు వచ్చింది. పాపను మంచం మీద పడుకోబెట్టి తలెత్తింది. రంగుపొర సెగ్గడ్డలా ఉబ్బి ఉంది.

"ఏంటి నాన్నా అది?"

"చెమ్మమ్మా, ఇదిగో చూడు," అని బొటనవేలితో నొక్కాడు.

పొర ఫట్టుమంది. నల్లటి పాకం మణికట్టు మీదుగా మోచేతిదాకా కారింది. అందులో బియ్యపు గింజల్లా తెల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఒకటి పాప మేజోడు మీద పడింది. కూతురు పాపను లాక్కుని గుమ్మం దాటింది.

డబ్బాలాయన రంగు గీకే గోకుడురేకు దూర్చి చెక్క పెరికాడు. చచ్చిన ఈగలు, కరిగిన మైనం, పురుగులు, చీమలు ఒకే ముద్దయి ఒడిలోకి జారాయి. చేతులతో ఎత్తి బకెట్లో వేశాడు. ముద్ద వేళ్లను వదల్లేదు. రెండో బకెట్‌కి వాంతి ఆగలేదు, అది కూడా అందులోకే పోయింది. ఎలకపిల్ల ఒకటి తేనెలో ఊరి, బొచ్చు ఊడి, మూడో బకెట్లోకి వచ్చింది.

కూతురు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. "ఇలా అవుతుందని నీకు తెలుసా?"

చెమ్మ అనబోయాడు. నోట్లో పులుపు ఇంకా పోలేదు.

"ఆ మనిషి చెప్పాడు. నేనే వినలేదు."

"మరి ఆ మనిషినే పిలువు. లోపలంతా చూసి, బాగుందని ఆయన నాకు ఫోన్ చేస్తే పాపని తెస్తాను. నువ్వు చెబితే మాత్రం రాను నాన్నా."

కింద కారు కదిలింది. భార్య సబ్బు తెచ్చేలోపే ఆయన జిగట చేత్తో ఫోన్ నొక్కాడు. అది చెంపకు అతుక్కుంది.

"ఎవరన్నా?"

"రంగుల కొట్టు. మేడమీది గది."

"కారిందా?"

"కారింది," అన్నాడు డబ్బాలాయన. "పురుగులు పట్టాయి. గోడంతా తెరిచే ఉంచాను, ఏ పూతా వెయ్యలేదు. రా."