నూకరత్నం పేరున్న చరణం

సుబ్బాయమ్మ కూతురు నూకరత్నం ఆరేళ్లకే జ్వరమొచ్చి పోయింది. సుబ్బాయమ్మ ఇంటిపనికి వెళ్లిన బహ్రెయిన్‌లోని మనామాకి ఆ కబురు ఉత్తరంలో చేరేసరికి ఇరవై రోజులైంది. పాస్‌పోర్టు ఆమెను పనికి రప్పించిన కఫీల్ దగ్గర, బిడ్డ కాకినాడ దగ్గర మట్టిలో. ఆ తల్లి ఏం చేయగలదు? పిల్లకి ఒక్క ఫోటో కూడా తీయించలేదు. రత్నం లోకంలో ఉండిందనడానికి మిగిలింది పేరొక్కటే.

ఆ పేరును సుబ్బాయమ్మ నాట్లపాటలో పెట్టుకుంది. వాళ్ల ఊళ్లో ఎవరి పేరైనా చివరి చరణంలోనే రావాలి. నారు ఊడ్చుకుంటూ గట్టు చేరాక, నడుమెత్తి పాడాలి. మధ్యలో పెడితే ముసలమ్మలు నెత్తిన మొట్టేవాళ్లు.

1986లో ఆమె పనిచేసే ఇల్లు ఒక జపాను ఆఫీసరుది. ఆ ఏడు జపాను పాటల కంపెనీలన్నీ కొత్తగా వచ్చిన వెండిరంగు డిస్కుల వెంట పడ్డాయట. సొంత పాటలు చాలలేదు కాబోలు, దేశదేశాలకూ మనుషుల్ని తోలాయి. అలా పక్కనున్న ముహర్రక్ దీవిలో ముత్యాల వేటగాళ్ల పాటలు రికార్డు చేయడానికొచ్చిన ఒకామురా ఈ ఇంట్లో దిగాడు. బట్టలుతుకుతూ సుబ్బాయమ్మ పాడుతుంటే విని, పరుగున మెషీను తెచ్చాడు. అతని మాట తెలుగులో చెప్పడానికి బజారులో రేడియో షాపు నడిపే తెలుగువాడు వెంకన్నను పిలిపించారు.

"అక్కా, నీ పాట డిస్కులో ఏత్తాడంట. జపానోళ్లంతా ఇంటారంట."

"మా రత్నం పేరు కూడా ఇంటారా?"

"పాటలో ఉన్నదంతా ఇంటారు కదా!"

ఆమె అయిదు నిమిషాలూ గొంతు వణక్కుండా పాడింది. ఒకామురా కళ్లు తుడుచుకుని, నడుం వంచి దణ్ణం పెట్టాడు. చివరిదాకా ఉంచమని ఆమె అడగలేదు. గట్టు చేరకుండా పాట ఆపేసే మనుషులుంటారని ఆమెకు తెలిస్తే కదా!

ఏడాది తిరిగాక డిస్కు వచ్చింది. అట్ట మీద అరబ్బు పడవ బొమ్మ. శుక్రవారం దాన్ని కొంగులో చుట్టుకుని వెంకన్న షాపుకి వెళ్లింది. ఊరివాళ్లు నలుగురు పోగయ్యారు. తన గొంతు తనకే వినబడితే సిగ్గుపడి నవ్వింది కూడా. మూడో చరణం సగంలో ఆ గొంతు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. ఏ దేశానిదో డప్పు మొదలైంది.

"ఆగిపోయిందేంటి తమ్ముడూ? రెండోవైపు ఎయ్యి."

"దీనికి రెండోవైపు ఉండదక్కా." వెంకన్న డిస్కుతో పాటు వచ్చిన ఇంగ్లీషు చీటీ చదివాడు. "పాటలెక్కువై, ఒక్కోటీ మూడు నిమిషాలకి కోసేశారంట. నీ పాట అందరికీ తెగ నచ్చిందంట."

"నచ్చిందంటనా?" అంది సుబ్బాయమ్మ. "భూమ్మీద దాన్ని ఆరేళ్లే ఉండనిచ్చాడు దేవుడు. ఈళ్ల పళ్లెంలో ఒక్క గుక్కసేపు ఉండనివ్వలేకపోయారా?"

వెంకన్న డిస్కు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె పుచ్చుకోలేదు.