పూల పళ్ళెం పెంకులు

నా పెళ్ళినాటి పూల పింగాణీ పళ్ళేన్ని అత్తమ్మ పగలగొట్టింది. చేయిజారి కాదు, మెట్టురాయి మీద కావాలనే కొట్టింది.

"పాత పళ్ళాలు లేవా?" అన్నాను.

"పాతవి మొద్దు. అన్నం అరిటాకులో తిన్నా దిగుతుంది. మొద్దు పెంకుతో నార దిగదే."

అనాసాకును పలక మీద పరిచి పెంకుతో గీకితే పచ్చదనం ఊడి బట్ట నేసే నార తేలుతుంది. మందు అక్కర్లేదు. కడిగిన నీళ్ళు ఏటిలో కలిసినా చేప చావదు. మా ఊరు బాలెతేలో నలభైమంది ఆడవాళ్ళం తీసే నారను వ్యాపారి రమీరో కొంటాడు. ప్రతి కట్టకూ "చేతితో తీసినది" అన్న చీటీ, దాని మీద మా సంఘం ముద్ర.

ఆ మధ్యాహ్నం ఏటిలో చేపలు చచ్చి తేలాయి. అందరం ఏటి వెంట పైకి నడిచాం. రమీరో కొత్త షెడ్డులో ఆకు కాస్టిక్ సోడా తొట్లలో నానుతోంది. పక్కూరి కూలి ఆడవాళ్ళ వేళ్ళు పొక్కిపోయాయి. ఆరిన కట్టలకు మా చీటీలే వేలాడుతున్నాయి.

"నార నారే కదా అక్కా. మనీలాలో కొనేవాడికేం తెలుస్తుంది?" అని నవ్వాడు రమీరో.

"మా ముద్ర నీకెవరిచ్చారు?" అంది పక్కింటి నీల్దా.

అత్తమ్మ ఒక కట్ట తీసి చీటీ కట్టిన ముడి తడిమింది. చీటీ కట్టే ముడి ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఆ కట్ట మీదున్న, ఎడమకు తిప్పి బిగించే ముడిని అత్తమ్మ ఒక్కరికే నేర్పింది, తన కూతురు మెల్బాకు. మెల్బా మా సంఘం అధ్యక్షురాలు.

అత్తమ్మ కట్టను మెల్లగా కింద పెట్టింది.

సాయంత్రం సంఘం పాకలో మెల్బా తల దించలేదు. "ముద్ర ఇవ్వకపోతే మన నార కొననన్నాడు. మీకోసమే ఇచ్చా."

"మరి మమ్మల్ని అడగలేదేం?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేవాళ్ళా?"

"వాడు దొంగని మాకెప్పుడో తెలుసు" అంది నీల్దా. "నిన్ను మా మనిషివనుకున్నాం."

ఆ రాత్రి ఇంట్లో భోజనాలకు మిగిలిన ఐదు పూల పళ్ళాలూ నేనే దించాను. అత్తమ్మ మొదట కూతురికే అన్నం, ఎండుచేప వడ్డించింది.

"తిను. రేపు పొద్దున్నే అందరం వాడి గేటుకి అడ్డంగా కూర్చుంటాం. ఒక్క లారీ కదలదు. ముద్ర ఎవరిచ్చారో అందరి ముందూ నువ్వే చెప్తావు. నిన్ను సంఘంలో ఉంచాలో వద్దో వాళ్ళే తేలుస్తారు. నేను నోరెత్తను."

మెల్బా ముద్ద ఎత్తలేదు.

"షెడ్డులో వాళ్ళు కూడా పని మానేసి మనతో వస్తామన్నారు" అన్నాను. "నార గీకడానికి వాళ్ళకి పెంకుల్లేవు."

అత్తమ్మ నా వైపు చూసింది.

"తినడం కానివ్వండి" అన్నాను. "ఈ పళ్ళాలన్నీ కడిగి పగలగొడతా."