మెట్టుగూడ న్యూజిలాండ్

మెట్టుగూడలో సదాశివ ఫొటో స్టూడియోకి ఇరవై ఏళ్లుగా వెనక కట్టే బొమ్మల తెరలు గీస్తున్న కన్నారావుకి ఆ నెల గండం వచ్చిపడింది. సదాశివ కంప్యూటర్ కొన్నాడు.

"ఇగ నీ తెరలు ఎవలికి గావాలె కన్నారావ్? గీ నెల జూస్త. ఒక్క గిరాకీ సుత తెర అడగకపోతే ఇంటికి పో," అన్నాడు. ఊరికి ఊరే సాఫ్ట్‌వేరు జ్వరంతో ఊగిపోతుంటే రంగుడబ్బాల మొహం చూసేదెవడు?

అప్పుడొచ్చాడు జీవరాజు. న్యూజిలాండ్ పంపిస్తామన్న సాఫ్ట్‌వేరు కంపెనీ అతన్ని పనిలేకుండా గదిలో కూర్చోబెట్టింది. ఈ మహానుభావుడేమో వెళ్లిపోయానని కాబోయే మామగారికి ఫోన్‌లో కోతలు కోసేశాడు. ఇప్పుడు ఫొటో కావాలి. మంచుకొండా సముద్రమూ రెండూ ఉండాలట! సదాశివ కంప్యూటర్లో అతికిస్తే కొండకన్నా జీవరాజు పొడుగొచ్చాడు.

"నానేసిత్తాను బాబూ," అన్నాడు కన్నారావు.

భీమిలిలో పుట్టినవాడికి సముద్రం ఒకరు నేర్పాలా? మంచు మాత్రం జన్మలో చూళ్లేదు. మోండా మార్కెట్లో చేపల మీద పోసే ఐసు ముందు రెండు పూటలు గొంతుక్కూర్చుని చూశాడు. ఇతనికి పిచ్చెక్కిందనుకున్నారు చేపలమ్మేవాళ్లు. నాలుగు రోజులు తిండి ధ్యాస లేకుండా గీశాడు. పైన మంచుకొండలు, మధ్యన పచ్చిక, కింద అలలు. ఆ అలలు తెరతోపాటు నేలమీదికి జారి బారెడు మేర పరుచుకున్నాయి.

ఫొటో దివ్యంగా వచ్చింది. అయితే ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? సదాశివ ఫొటో వెనక్కి తిప్పి ఠపీమని స్టూడియో ముద్ర కొట్టి కవర్లో పెట్టాడు, ఫోన్ నంబరుతో సహా! జీవరాజు తన మొహం చూసుకుని మురిసిపోవడంలో వెనక్కి తిప్పనేలేదు. న్యూజిలాండ్ నుంచి స్నేహితుడు తెచ్చాడని చెప్పించి మామగారింటికి పంపాడు.

ఆదివారం పొద్దున్నే మారేడ్‌పల్లి నుంచి మామగారు వెంకటరత్నం కట్టుపంచెతోనే ఆటో ఎక్కి వచ్చిపడ్డాడు. కళింగపట్నం సముద్రపొడ్డున పెరిగిన మనిషి, రైల్వే ఆఫీసరు.

"ఎవుడ్రా ఈ న్యూజిలాండు గీసినోడు? ఆ సన్నాసికి పిల్లనిత్తానేటి? సంబంధం కేన్సిల్! ముందు నిన్ను తన్నాలి!"

"నాకేం తెల్వద్ సార్, అంత గీ కన్నారావే జేసిండు," అంటూ సదాశివ కంప్యూటర్ వెనక నక్కాడు.

కన్నారావు తెర ముందు బిక్కచచ్చి నిలబడ్డాడు. ఉన్న ఒక్క గిరాకీ ఇలా తగలడింది, ఇంక ఉద్యోగమేమిటి, నా శ్రాద్ధం!

"తప్పయిపోనాది బాబూ," అన్నాడు.

వెంకటరత్నం చెయ్యెత్తి మీదికి దూకబోయాడు. నేలమీది అలల అంచు దగ్గర టక్కున ఆగాడు. చెప్పులు విడిచాడు. రెండో చేత్తో పంచె మోకాళ్లదాకా ఎత్తి పట్టుకుని, అప్పుడు అడుగేశాడు.

ముగ్గురూ ఆ మోకాళ్లకేసే చూశారు. వెంకటరత్నానికి ఎత్తిన చెయ్యి ఎలా దించాలో తెలియలేదు.

"ఏటీ, నవ్వుతున్నావేటి?"

"నేదు బాబూ," అన్నాడు కన్నారావు. నిజమే, ఏడుస్తున్నాడు.

సదాశివ కెమెరా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "సార్, జెర గట్లనే ఉండుండ్రి, ఒక్క ఫొటో! షాపు ముంగట పెడ్త. కన్నారావ్, ఏడ్సుడు ఆపి లైట్లెయ్యి. రేపు ఇంకో తెర షురూ జెయ్యాలె."