మేనత్త శోకం

ఓబిలేష్‌కు ర్యాప్ ఏ బడీ నేర్పలేదు. ఉరవకొండ దగ్గర వాళ్ళ ఊళ్ళో చెనిక్కాయలు ఒలిచే ఆడవాళ్ళ నడుమ అబ్బింది. కూలికొచ్చినవాళ్ళు ఒకరినొకరు దెప్పుకుంటుంటే వీడు డబ్బా వాయిస్తూ మాటకు మాట కట్టేవాడు. "రేయ్, నీది నోరా, పిండి గిర్నీనా?" అని మురిసిపోయేది మేనత్త ఆంజినమ్మ. తల్లి లేని వాడిని సాకింది ఆమే.

అంత నోరున్నా ఏం లాభం? బెంగుళూరు చేరి ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నా వాడి పాట వినే దిక్కు లేకపోయింది. అప్పుడే ఆంజినమ్మ మొగుడు సుంకప్ప బోరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఆమె శవం ముందు కూర్చుని శోకం ఎత్తుకుంది. ఆ ఊళ్ళో శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషి మంచీ చెడ్డా రాగం తీసి, ఆ ఒక్క మనిషికే చెప్పి పంపే మాటలవి. చావు లేని ఇంట్లో వాటిని నోట రానివ్వరు, కీడని.

ఓబిలేష్ కూడా ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే జేబులో ఫోను రికార్డింగు నొక్కాడు.

"యాడికి పోతివయ్యా, నన్ను ఎండకిడిసి" అన్న ముక్క మాత్రం ఉంచుకుని, మామ గుర్తులున్న మాటలన్నీ తీసేసి, బీటు వేసి తన ర్యాప్ కలిపాడు. మామను తీసేస్తే ఇక తప్పేముందనుకున్నాడు ప్రబుద్ధుడు! పాట ఊళ్ళకు ఊళ్ళు పాకింది. పెళ్ళి ఊరేగింపుల్లో సైతం డీజేలు అదే మోగించారు. స్టేజి మీద అత్త గొంతు వచ్చినప్పుడల్లా జనం ఎగిరేవాళ్ళు, వీడు వాళ్ళకు వీపు తిప్పి నిలబడేవాడు. ఈసారి ఊరికి పోయి కాళ్ళు పట్టుకోవాలనుకునేవాడు. ఎక్కడ? మొహం చెల్లక ఊరికి పోవడమే మానేశాడు. "ఏమప్పా, తిన్న్యావా? మీ నాయనకు బాగలేదు, వచ్చిపో" అని ఆమే ఫోను చేసేది. పాట ఊసెత్తేది కాదు. తిట్టినా బాగుండేది.

చివరికి నాయన రామదాసు పోయాకే వచ్చాడు.

అన్న తలదాపున ఆంజినమ్మ కూర్చుంది. తోడబుట్టినది ముందు గొంతెత్తాలి, మిగతా ఆడవాళ్ళు అందుకోవాలి, ఆ తర్వాతే పాడె లేవాలి. ఆమె "ఓ నా తోడబుట్టినోడా..." అని ఎత్తుకోగానే అరుగు మీది కుర్రాళ్ళ తలలు ఊగాయి. పాపం, వాళ్ళు కావాలని చేసింది కాదు, ఆ గొంతు వింటే వాళ్ళకు అలవాటైంది అదే. ఒకడు తెలివి తెచ్చుకుని నాలుక కరుచుకున్నాడు.

ఆంజినమ్మ ఆగిపోయింది.

"ఎత్తుకోమ్మా, పొద్దు పోతాండాది," అన్నాడు ఊరిపెద్ద పాపన్న.

"రాదన్నా. కడుపు నిండా ఉండాది, నోరు తెరిస్తే వాళ్ళకు ఎగరబుద్ధయితాండాది."

ఆమె మేనల్లుడి వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు, అదే వాడు తట్టుకోలేకపోయాడు.

"నువ్వే ఎత్తుకో నాయనా. నా గొంతు నీ దగ్గరే ఉండాది గదా."

అందరూ వాడినే చూశారు. నాయన గురించి చెప్పుకోవాల్సింది ఎంత లేదు! వాడు శవం పక్కన కూలబడి "నాయనా" అన్నాడు. మళ్ళీ "నాయనా" అన్నాడు. ఆపైన ఒక్క మాట దొరికితే ఒట్టు.

పాపన్న పొద్దు వైపు చూసి, నిప్పుకుండ వాడి చేతికిచ్చి, పాడె ఎత్తమన్నాడు. రామదాసు తన వీధిలోంచి శోకం లేకుండానే పోయాడు.